లేజర్ చేయించుకుందామనుకున్నా... చెవి పక్కన మచ్చ ఆపింది!

ఇంటర్‌లో నన్ను అందరూ ‘బైపాస్’ అని పిలిచేవాళ్లు. మా ఊరి బైపాస్ రోడ్డుకి అప్పట్లో ఎన్ని గుంతలుండేవో నా బుగ్గలకీ అన్నే ఉండేవి మరి. పిలిచేవాళ్లకి సరదా. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ని. రాత్రి హాస్టల్ బాత్రూమ్ అద్దం ముందు నిలబడి ఒక్కో మొటిమనీ గోళ్లతో గిల్లేవాణ్ని. గిల్లితే పోతుందనుకున్నా. పోలేదు, గుంతై కూర్చుంది.

ఇప్పుడు నాకు 28. మాది ఖమ్మం దగ్గర పల్లె. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ ఉద్యోగం, కూకట్‌పల్లిలో రూము. మొటిమలు ఎప్పుడో ఒకటీ అరా తప్ప రావడం లేదు కానీ గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి. ఆఫీస్ మీటింగ్‌లో కెమెరా ఆన్ చేయమంటే ‘నెట్ స్లోగా ఉంది సర్’ అనేది నా పేటెంటు డైలాగ్. మా అక్క పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురి తమ్ముడు ఎక్కడా అని వెతికితే, మేనమామ భుజం వెనక సగం తల కనిపిస్తుంది. అది నేనే. ‘మగాడికి ముఖంతో పనేంట్రా’ అంటాడు నాన్న. ఆయనకి లేకపోవచ్చు, నాకుంది.

పోయిన ఏడాది ఆగస్టులో ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి వాళ్ల తరఫు పెద్దావిడ నన్ను చూసి, మా అమ్మతో మెల్లగా ‘బాబుకి చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?’ అని అడిగింది. ఆ సంబంధం కుదరకపోవడానికి కారణం అది కాదు, జాతకాలు. కానీ అమ్మ మనసులో ఆ మాట ఉండిపోయింది. వారం తిరక్కుండా చీటీ పాడి 70 వేలు నా ఖాతాలో వేసింది. ‘ఏదో లేజర్ అంటున్నారుగా, చేయించుకో నాన్నా’ అంది. డబ్బులు చూడగానే ఫోన్ చేసి తిట్టా. తిట్టాక ఆ రాత్రే లేజర్ క్లినిక్‌లు వెతికా.

‘ఈ రోజే బుక్ చేసుకుంటే...’

మొదట వెళ్లింది ఏసీ, అరోమా వాసన, గోడ నిండా ముందూ తర్వాత ఫొటోలు ఉన్న ఓ క్లినిక్‌కి. పేరు వద్దులెండి. డాక్టర్ కంటే ముందు ‘కౌన్సెలర్’ అనే అమ్మాయి కూర్చోబెట్టింది. నా ముఖం వైపు ఐదు సెకన్లు చూసి, ‘ఫ్రాక్షనల్ సీఓటూ, ఆరు సిటింగులు సర్’ అంది. మొత్తం 66 వేలు. ఆ రోజే కడితే ఇరవై శాతం తగ్గింపు, ఈఎంఐ కూడా ఉంది. డాక్టర్‌ని కలవాలంటే ‘సిటింగ్ రోజు కలుస్తారు సర్’ అంది. మొటిమలకి ఇంతకుముందు ఏం వాడాననిగానీ, ఇంకేమైనా జబ్బులున్నాయా అనిగానీ ఒక్క ప్రశ్న లేదు. బిర్యానీ ఆర్డర్ పెట్టినా అంతకంటే ఎక్కువ ప్రశ్నలడుగుతారు.

నిజం చెప్పాలంటే నేను కార్డు బయటికి తీశా. అదే టైమ్‌లో అక్క ఫోన్ చేసింది. విషయం చెబితే, ‘ఆగరా. ఖమ్మంలో మా పాపకి ఎగ్జిమా తగ్గించిన మేడమ్ ఉంది, ఒకసారి చూపించి అప్పుడు కట్టు’ అంది. అక్క మాట కాబట్టి ఆగా.

ఖమ్మంలో ఆ మేడమ్ క్లినిక్ బోర్డు చూసి మెట్ల దగ్గరే ఇంకోసారి ఆగిపోయా. ‘చర్మ, సుఖవ్యాధుల నిపుణులు’ అని ఇంత పెద్ద అక్షరాలు. ఊళ్లో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు? హెల్మెట్ తీయకుండానే మెట్లెక్కా. తర్వాత తెలిసింది, మనం వెతకాల్సింది సరిగ్గా ఆ బోర్డే అని. స్కిన్ స్పెషలిస్టు చదివే ఎండీ కోర్సు పేరే డీవీఎల్. అంటే చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ కలిపిన చదువు. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, లేదా డెర్మటాలజీలో డీఎన్‌బీ చేసినవాళ్లే డెర్మటాలజిస్టులు. ‘కాస్మెటాలజిస్టు’, ‘ఈస్తటిక్ ఎక్స్‌పర్ట్’ అని బోర్డు మీద ఉందంటే అది చదువో, మూడు నెలల కోర్సో మీరే అడిగి తెలుసుకోవాలి. స్టేట్ మెడికల్ కౌన్సిల్‌లో డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అడగడానికి మొహమాటపడితే నష్టం మన ముఖానికే.

ట్యూబ్ సంగతి బయటపడింది

మేడమ్ నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. ట్యూబ్‌లైట్ ఆపేసి, చిన్న టార్చి పక్క నుంచి కొట్టి చూసింది. ఎదురుగా లైట్ పడితే గుంత కనపడదట, పక్క నుంచి పడితే నీడ పడి కనిపిస్తుందట. (క్లినిక్ గోడ మీద ఫొటోలు గుర్తొచ్చాయి. ‘ముందు’ ఫొటోలన్నీ పక్క లైట్లో, ‘తర్వాత’ ఫొటోలన్నీ ఎదురు లైట్లో తీసినవే. మీరూ మీ ఫోన్ బ్యూటీ మోడ్ ఆపి, ఒకే చోట రెండు రకాల లైట్లో సెల్ఫీ తీసి చూడండి. రూపాయి ఖర్చు లేకుండా రిజల్ట్ వచ్చేస్తుంది.)

తర్వాత రెండు వేళ్లతో బుగ్గని లాగింది. ‘లాగితే ఈ గుంతలు కనపడటం లేదు చూడండి’ అని అద్దం ఇచ్చింది. నిజమే, కొన్ని మాయమయ్యాయి, కొన్ని అలాగే ఉన్నాయి. మొటిమల గుంతల తీవ్రత కొలవడానికి గుడ్‌మన్, బారన్ అనే ఇద్దరు డాక్టర్లు పెట్టిన గ్రేడింగ్ ఒకటుందట. అర మీటరు దూరం నుంచి, అంటే ఇద్దరు మాట్లాడుకునేంత దూరం నుంచి గుంత కనిపిస్తుందా లేదా, చర్మం లాగితే చదునవుతుందా లేదా అన్నది అందులో ముఖ్యం. నాది మూడో గ్రేడు. అంటే దూరం నుంచీ కనిపిస్తాయి, కానీ లాగితే చాలావరకు పోతాయి.

గుంతలు కూడా ఒకే జాతి కాదు. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉండేవి ఐస్‌పిక్. అంచులు నిటారుగా, అమ్మవారు పోసిన మచ్చల్లా ఉండేవి బాక్స్‌కార్. చర్మం అలలా పైకీ కిందకీ ఉంటే రోలింగ్. రోలింగ్ గుంతల్లో అసలు విషయం పైన కాదు, కింద ఉంటుంది. లోపల నారలాంటి పోగులు చర్మాన్ని కిందికి లాగిపట్టుకుని ఉంటాయి. పరుపు మీద కుట్టేసిన చోట లోపలికి పోతుంది చూడండి, అలాగన్నమాట. పైన ఎంత లేజర్ కొట్టినా కింద కుట్టు తెగకపోతే గుంత లేవదు. నా బుగ్గల మీద ఎక్కువ భాగం ఇవే. ఆరు సిటింగుల ప్యాకేజీలో ఈ కుట్టు మాటే లేదు.

అప్పుడడిగింది: ‘ముఖానికి ఏమైనా క్రీములు వాడారా?’

‘ఇప్పుడేం లేదు మేడమ్.’

‘ఇంతకుముందు?’

చెప్పక తప్పలేదు. బీటెక్‌లో ఉన్నప్పుడు ఫ్రెండు చెప్పాడని మెడికల్ షాపులో ఓ ట్యూబ్ కొనేవాణ్ని. చీటీ లేకుండానే ఇచ్చేవాళ్లు. రాసిన వారానికే ముఖం తెల్లగా, నునుపుగా అయ్యేది. ఆపితే మంట, ఎర్రదనం, మళ్లీ మొటిమలు. మళ్లీ రాయడం. అలా దాదాపు రెండేళ్లు. ఆ తర్వాత కూడా ఫంక్షన్లకి ముందు అప్పుడప్పుడూ రాసేవాణ్ని. ఆఖరుసారి ఎప్పుడు అంటే... పెళ్లిచూపుల ముందు వారం. అది చెప్పేటప్పుడు తల దించుకున్నా.

అందులో స్టెరాయిడ్ ఉంటుంది. దాంతోపాటు తెల్లబరిచే మందు, ఇంకోటి కలిపి మూడింటి మిశ్రమంగా వస్తుంది. డాక్టర్ రాసిస్తే కొద్ది వారాలు వాడాల్సిన మందుని మనవాళ్లు ఫెయిర్‌నెస్ క్రీములా ఏళ్ల తరబడి పూస్తున్నారు. చర్మం పలచబడుతుంది, సన్నని రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, ఎండ తగిలితే భగ్గుమంటుంది, మొటిమలు ఇంకా పెరుగుతాయి. దీన్ని మన దేశంలో డెర్మటాలజిస్టులు ఎంత ఎక్కువగా చూస్తున్నారంటే, దానికి ‘స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్’ అని ప్రత్యేకంగా పేరే పెట్టారు. ఇలాంటి చర్మం మీద ఇప్పుడు లేజర్ పెడితే ఎలా మానుతుందో చెప్పలేనంది మేడమ్.

‘మీ దగ్గర మెషీన్ లేదా మేడమ్?’ అనడిగా, కాస్త వెటకారంగానే.

‘ఆ వెనక గదిలో ఉంది. ఈఎంఐ కూడా కడుతున్నా’ అని నవ్వింది. మెషీన్ ఉండీ వద్దంటోంది అంటే వినాలనిపించింది.

మన రంగు, లేజర్ లెక్క

ఫ్రాక్షనల్ సీఓటూ అంటే కార్బన్ డయాక్సైడ్ లేజర్. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మనవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి పుణెలో ఇంజినీరింగ్ చదివిన కుమార్ పటేల్. ఆ కిరణాన్ని నీరు వెంటనే పీల్చుకుంటుంది. చర్మంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి తగిలిన చోట పొర ఆవిరైపోతుంది, కింద వేడి తగిలి కొత్త కొల్లాజెన్ పుడుతుంది. 1990ల్లో ముఖమంతా పై పొర లేచిపోయేలా దీంతో కాల్చేవారు. రిజల్ట్ బాగానే ఉండేది కానీ వారాల తరబడి పచ్చి పుండు, నెలల తరబడి ఎరుపు, కొందరికి చర్మం శాశ్వతంగా తెల్లబడిపోవడం. 2004లో బోస్టన్ పరిశోధకులు మాన్‌స్టీన్, ఆండర్సన్ వేరే దారి చూపించారు. చర్మమంతా కాకుండా, కంటికి కనపడనంత సన్నని చుక్కలు చుక్కలుగా లేజర్ పెట్టి, మధ్యలో మంచి చర్మాన్ని వదిలేయడం. వదిలేసిన చర్మం పక్కనున్న గాయాన్ని త్వరగా మాన్పుతుంది. ‘ఫ్రాక్షనల్’ అంటే అదే.

మరి మనకేంటి ఇబ్బంది? రంగు. 1975లో హార్వర్డ్ డాక్టర్ ఫిట్జ్‌ప్యాట్రిక్ చర్మాన్ని ఎండకి కమిలిపోతుందా, నల్లబడుతుందా అన్న లెక్కన టైపులుగా విడగొట్టాడు. మొదట్లో అది తెల్లవాళ్ల చర్మం కోసమే, మనలాంటి గోధుమ, నలుపు రంగుల వాళ్లని ఐదు, ఆరు టైపులుగా తర్వాత చేర్చారు. మన తెలుగువాళ్లం ఎక్కువమంది నాలుగు, ఐదు టైపుల్లో ఉంటాం. మన చర్మానికి దోమ కుట్టినా, మొటిమ వచ్చినా, నూనె చింది కాలినా తగ్గాక నల్ల మచ్చ మిగులుతుంది. అమ్మ చేతుల మీద పోపు చుక్కల మచ్చలు చూడండి. లేజర్ కూడా ఒక గాయమే. అందుకే గుంత కోసం వెళ్లి నలుపు తెచ్చుకునే ప్రమాదం మనకి ఎక్కువ. సాధారణంగా అది కొన్ని నెలల్లో తగ్గుతుంది, కానీ ఆ కొన్ని నెలలు బతకాల్సింది మనమే. అలాగని మన చర్మానికి లేజర్ పనికిరాదనీ కాదు. పవర్ తగ్గించి, చుక్కలు దూరం పెట్టి, సిటింగుల మధ్య ఎక్కువ గ్యాప్ ఇచ్చి చేయాలి. విదేశీ వీడియోలో తెల్లమ్మాయికి పెట్టిన సెట్టింగ్ మనకి పెట్టకూడదు.

ఇంకా చాలా అడిగింది. కొన్ని విచిత్రంగా అనిపించాయి. చెవులు కుట్టించుకున్న చోటగానీ, భుజం మీద టీకా వేసిన చోటగానీ మచ్చ గడ్డలా పెరిగిందా? (అలా పెరిగే కెలాయిడ్ తత్వం ఉంటే లేజర్ గాయం కూడా అలాగే పెరగొచ్చు.) జ్వరం వచ్చినప్పుడు పెదవి చుట్టూ నీటిపొక్కులు వస్తాయా? వస్తే లేజర్‌కి ముందే మందు వేస్తారట, లేదంటే ఆ వైరస్ ముఖమంతా పాకొచ్చు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడారా? వాడితే ఆర్నెల్లు ఆగాలని పాత రూలు. ఫ్రాక్షనల్ లేజర్ విషయంలో అంత ఆగక్కర్లేదని ఈమధ్య డాక్టర్లు సడలించారు, కానీ వాడిన సంగతి మాత్రం దాచకూడదు. బైక్ మీద ఆఫీసుకెళ్తారా, ఎంతసేపు ఎండలో ఉంటారు? ఆఖరుది: ‘రోజుకి ఎన్నిసార్లు అద్దం చూసుకుంటారు?’

లెక్కపెట్టలేదన్నా. ఎన్నిసార్లో మీకూ తెలుసు కదా, ఫోన్ నల్ల స్క్రీన్‌లో కూడా చూసుకుంటాం. ‘లేజర్ గుంతని సగమో ఇంకొంచెమో పూడుస్తుంది, పూర్తిగా చెరిపెయ్యదు. సగం తగ్గినా మీకు చాలా? లేక ఒక్క గుంత మిగిలినా నిద్ర పట్టదా? నిద్ర పట్టదంటే ముందు వేరే డాక్టర్‌తో మాట్లాడాలి’ అంది. అప్పుడు కోపమొచ్చింది. రైల్లో తిరిగొస్తుంటే ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. సగం చాలా నాకు? డోర్నకల్ దాటేసరికి చాలనిపించింది.

రూమ్మేట్ చేయించుకున్నాడు

నేను ఆగితే, నా కథ విన్న మా రూమ్మేట్ ముందుకెళ్లాడు. వాడికీ గుంతలే, ఎక్కువగా బాక్స్‌కార్ రకం, లోతు తక్కువ. స్టెరాయిడ్ ట్యూబులు ఎప్పుడూ వాడలేదు, రెండేళ్లుగా మొటిమలు లేవు. డెర్మటాలజిస్టు చూసి సరేనన్నాక నవంబర్‌లో చేయించుకున్నాడు, ఎండ తక్కువని. తోడు నేనే వెళ్లా.

ముఖానికి మత్తు క్రీమ్ రాసి గంటసేపు కూర్చోబెట్టారు. కళ్లకి షీల్డు పెట్టారు. లేజర్ పెట్టేది పావుగంట, ఇరవై నిమిషాలే. గదిలో వెంట్రుకలు కాలిన వాసన. వాడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. బయటికొచ్చాక ఎలా ఉందిరా అంటే, ‘మిరపకాయలు తుంచిన చేత్తో ముఖం తుడుచుకున్నట్టుంది’ అన్నాడు. మా ఖమ్మంవాడు కాకపోయినా పోలిక సరిగ్గా చెప్పాడు. ఐస్‌ప్యాక్ పెడితే రెండు గంటల్లో మంట తగ్గింది.

రెండో రోజు ముఖం వాచింది. వాపుకి గుంతలన్నీ నిండిపోయి చర్మం నున్నగా కనిపిస్తే, ‘ఒక్క సిటింగ్‌కే పోయాయిరా!’ అని వాళ్లమ్మకి వీడియో కాల్ చేశాడు పిచ్చోడు. వాపు తగ్గాక గుంతలు తిరిగొచ్చేశాయి. మూడో రోజుకి ముఖమంతా ఇసుక కాగితంలా గరుకు, జల్లెడలా గోధుమరంగు చుక్కలు. వారానికి పొట్టులా రాలిపోయాయి. ఆ వారం సబ్బు లేదు, షేవింగ్ లేదు, హెల్మెట్ రాసుకుంటుందని బైక్ లేదు, గోకుడు అసలే లేదు. వాడి చెయ్యి ముఖం మీదికెళ్తే చెయ్యి మీద కొట్టడం నా డ్యూటీ. వర్క్ ఫ్రమ్ హోమ్ దొరికింది కాబట్టి సరిపోయింది. దొరక్కపోతే వారం లీవు లెక్క కూడా ఖర్చులోనే వేసుకోవాలి.

మూడు సిటింగులు అయ్యాయి వాడికి, నెలన్నర గ్యాప్‌తో ఒక్కోటి. ఇప్పుడు బాగుంది. ట్యూబ్‌లైట్ కింద పక్క నుంచి చూస్తే ఇంకా కనిపిస్తాయి, కానీ మాట్లాడేంత దూరంలో నాకు తెలియడం లేదు. కొల్లాజెన్ ఆఖరి సిటింగ్ తర్వాత కూడా మూడు నుంచి ఆరు నెలలు పెరుగుతూ ఉంటుందట, కాబట్టి అసలు రిజల్ట్ ఇంకా రావాలి. వాడు హ్యాపీ.

పెళ్లి ముహూర్తం పెట్టుకుని లేజర్ గురించి ఆలోచించేవాళ్లు ఇక్కడో లెక్క వేసుకోండి. మాఘమాసంలో పెళ్లయితే దసరాకి మొదలెట్టడం కూడా ఆలస్యమే. పెళ్లికి నెల ముందు ‘గ్లో కోసం ఒక్క సిటింగ్’ అని ఎవరన్నా చెప్తే వినొద్దు. ఎర్రదనం, నలుపు వస్తే తగ్గడానికి టైమ్ ఉండదు. పైగా మన పెళ్లిళ్లలో నలుగు పెట్టి రుద్దుతారు, మంగళస్నానం, పసుపు, హోమం పొగ, ఎండలో ఊరేగింపు. కొత్త చర్మానికి ఇవేవీ పడవు.

నా సంగతి

నేను సెప్టెంబర్ నుంచి మేడమ్ చెప్పినట్టే చేశా. ట్యూబ్ పూర్తిగా బంద్. మొదటి నెల నరకం. ముఖం ఎర్రగా కందిపోయి, మొటిమలు మళ్లీ విరుచుకుపడ్డాయి. ఆఫీసులో కెమెరా ఆఫ్ సరే, మాస్క్ కూడా పెట్టుకు తిరిగా. మేడమ్ ఇచ్చిన మందులు, మాయిశ్చరైజర్, పొద్దున్నే రెండు వేళ్ల పొడవున సన్‌స్క్రీన్, మధ్యాహ్నం మళ్లీ. నవంబర్‌కల్లా ఒక వింత. నేను ఇన్నాళ్లూ గుంతలనుకున్నవాటిలో చాలా భాగం గుంతలే కాదు, మచ్చలు. రంగు తేడా అంతే. అవి వాటంతటవే పలచబడ్డాయి. లేజర్‌తో పనే లేదు వాటికి.

డిసెంబర్‌లో ఎడమ చెవి ముందు, జుట్టు మొదలయ్యే చోట, రూపాయి బిళ్ల కంటే చిన్న జాగాలో టెస్ట్‌గా లేజర్ పెట్టింది మేడమ్. ఆరు వారాలు చూద్దామంది. పొట్టు రాలింది, గులాబీ రంగు వచ్చింది, బాగుందనుకున్నా. సంక్రాంతికి ఇంటికెళ్లా. మిర్చి కోతలు కదా, నాన్న ఒక్కడే చేనులో ఉంటే చూస్తూ కూర్చోలేక నేనూ దిగా. సన్‌స్క్రీన్ రాసుకున్నా, తలకి తువ్వాలు కట్టా. అయినా నాలుగో వారానికి ఆ బిళ్ల కాఫీ డికాషన్ రంగుకి తిరిగింది. చెవి ముందు దీర్ఘచతురస్రం, స్టాంపు గుద్దినట్టు.

అద్దంలో దాన్ని చూసుకుంటూ, ఇదే రంగు రెండు బుగ్గల నిండా, నుదురు నిండా ఊహించుకున్నా. ఆగస్టులో కార్డు గీకి ఉంటే, అదీ ట్యూబ్ రాసిన వారానికే, ఫుల్ పవర్‌లో.

‘టెస్ట్ బాగా వచ్చినా ముఖమంతా బాగా వస్తుందని గ్యారంటీ ఉండదు. కానీ టెస్టే ఇలా వచ్చాక మాత్రం ఇప్పుడు చెయ్యను’ అంది మేడమ్. పోనీ పవర్ తగ్గించి చేయమని నేనే బతిమాలా. ఎంత సిగ్గులేనితనమో చూడండి. ఆవిడ ఒప్పుకోలేదు.

బదులుగా సబ్‌సిషన్ చేసింది. గుంత పక్క నుంచి సూది లోపలికి పెట్టి, చెప్పానే పరుపు కుట్టు, ఆ పోగుల్ని తెంపడం. మత్తు ఇంజెక్షన్ ఇస్తారు కాబట్టి నొప్పి తెలీదు కానీ లోపల కరకరమని తెగుతున్న శబ్దం చెవికి వినిపిస్తుంది, అది మాత్రం భరించడం కష్టం. పది రోజులు బుగ్గలు ఎవరో కొట్టినట్టు కమిలి ఉన్నాయి. సెక్యూరిటీ అన్న ‘గొడవైందా సార్?’ అని అడిగాడు. ముక్కు దగ్గరున్న ఐస్‌పిక్ గుంతల్లో అగ్గిపుల్లలాంటి దాంతో గాఢమైన ఆసిడ్ చుక్క పెట్టింది. దీన్ని టీసీఏ క్రాస్ అంటారు, 2002లో దక్షిణ కొరియా డాక్టర్లు చెప్పిన పద్ధతి. చుక్క పెట్టగానే తెల్లగా మంచులా అవుతుంది, తర్వాత పక్కు కట్టి రాలిపోతుంది. ఇది కూడా నల్లబరచొచ్చు, అందుకే మొదట నాలుగు గుంతల్లోనే పెట్టి చూసింది. ఇంట్లో మాత్రం దీని జోలికి పోకండి. ఆన్‌లైన్‌లో ఆసిడ్ సీసాలు దొరుకుతున్నాయి, కాలితే గుంత ఇంకా పెద్దదవుతుంది.

మార్చి నుంచి మైక్రోనీడ్లింగ్. సన్నని సూదులతో పొడవడమే, వేడి ఉండదు, పై పొర ఆవిరవదు. అందుకే నల్లబడే ప్రమాదం లేజర్ కంటే తక్కువ. ఫలితం కూడా నెమ్మదే. రెండయ్యాయి, ఇంకా రెండో మూడో ఉన్నాయి. ఇది కూడా ఇంట్లో రోలర్ కొని చేసుకునే పని కాదు. శుభ్రం లేని రోలర్‌తో ఇన్‌ఫెక్షన్ తెచ్చుకోవడం చాలా తేలిక.

రిజల్ట్ అడుగుతారు కదా. రోలింగ్ గుంతలు బాగా లేచాయి, బుగ్గల మీద నీడ తగ్గింది. ఐస్‌పిక్‌లు అంతంతమాత్రం. పోయిన వారం టీమ్ మీటింగ్‌లో కెమెరా ఆన్ చేశా. ఎవరూ ఏమీ అనలేదు. నా మేనేజర్ అసలు గమనించనే లేదు, అదొక్కటే కాస్త నిరుత్సాహం.

లేజర్ ఇంకెప్పుడూ వద్దా అంటే, ఈ మచ్చ పూర్తిగా పోయాక, వచ్చే చలికాలంలో మళ్లీ చిన్న టెస్టు పెట్టి చూద్దామంది మేడమ్. అప్పటికి నాకు అవసరమనిపిస్తేనే. ఇప్పటిదాకా అన్నీ కలిపి 35 వేలయ్యాయి. మిగిలింది అమ్మకి తిరిగి పంపిస్తే తీసుకోనంది, నాన్న మాత్రం మాట్లాడకుండా తీసుకుని చేనుకి డ్రిప్ పైపులు కొన్నాడు.

చెవి ముందు స్టాంపు డికాషన్ నుంచి టీ రంగుకి దిగింది. మొన్న కటింగ్‌కి వెళ్తే షాపతను అక్కడ కత్తెర ఆపి, ‘ఏందన్నా, సైలెన్సర్ గానీ తగిలిందా?’ అని అడిగాడు. చెవి దగ్గర సైలెన్సర్ ఎలా తగులుతుందో నాకైతే అర్థం కాలేదు.